తాకత్ సూది బల్ల మీద డాక్టరమ్మ

సభకు అధ్యక్షత వహిస్తున్న అద్దకం కార్ఖానా యజమాని, నాకు వరుసకు ఏమీ కాకపోయినా ఊరందరికీ పెద్దమనిషి అయిన శ్రీ ఉపేందర్‌రావు గారికి, మొన్న శనివారంతో ఉద్యోగ విరమణ చేసి రేపు పొద్దుటి బస్సుకు కరీంనగర్ వెళ్లిపోతున్న మన చర్మవ్యాధుల డాక్టరు శ్రీమతి లీలాబాయి గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, వేదిక మీద చోటు దొరక్క కింద కూర్చున్న అసలు పెద్దలైన మా సాలోల్ల వాడ అవ్వలకు, అక్కలకు, బీడీలు బయట పారేసి లోపలికి వచ్చిన దోస్తులకు, పారెయ్యకుండా వచ్చిన దోస్తులకు కూడా నమస్కారాలు. (నవ్వులు)

నా పేరు అంబదాస్. ఖానాపూర్ యువజన సంఘం కార్యదర్శిని. నన్ను మాట్లాడమని పిలవలేదు, తక్కువ మాట్లాడమని పిలిచారు. గొంతు పెద్దదని మా సంఘం నన్ను ఎన్నుకున్నదే తప్ప బుద్ధి పెద్దదని కాదు. ఇది నా మాట కాదు, డాక్టరమ్మ మాట. ఆమె ఈ మాట నాకు దవాఖాన వరండాలో, రోగులందరూ వింటుండగా చెప్పారు.

సన్మానం కబురు చెప్పడానికి పోయిన వారం ఆమె ఇంటికి పోయాను. సామాన్లు కడుతున్నారు. "శాలువా ఏ రంగు తేవాలె అమ్మా?" అని అడిగాను. ఆమె నా వంక చూసి, "శాలువా వద్దు, సన్మానం వద్దు అంబదాసూ. నేను పోయినంక మంగళారం నాడు ఆ బల్ల మీద ఎవలు కూసుంటరో అది చెప్పు నాకు. నా పాణం దాని మీదనే ఉన్నది" అన్నారు. కరపత్రాలు చదివి పెరిగినవాడిని, ఏ ప్రశ్నకైనా నా సంచిలో జవాబు ఉంటుందని నా నమ్మకం. దానికి మాత్రం లేదు. ఆ బల్ల సంగతి తెలియనివారు కూడా ఈ సభలో ఉన్నారు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. ఉపేందర్‌రావు గారు గంట మీద చెయ్యి పెట్టారు, నేను చూశాను. మీ పేరు కూడా వస్తుంది సార్, కొంచెం ఓపిక పట్టండి. (నవ్వులు)

నన్ను కన్న మా అవ్వ పేరు ఐలవ్వ. అదుగో, మూడో వరుసలో కూర్చొని నన్ను కొట్టేటట్టు చూస్తున్నది. మా అవ్వ అద్దకం కార్ఖానాలో రంగు గాబుల దగ్గర నూలు ముంచేది. ఆమె మణికట్ల మీద, మోకాళ్ల కింద వంకాయ రంగు మచ్చలు లేచాయి. చిన్న చిన్నవి, చదునుగా, మెరుస్తూ. దురద అంటే మామూలు దురద కాదు. అన్నం తినే చెయ్యి ఆపి మరీ గీక్కునేది. వేపాకు రాశాం, పసుపు రాశాం, బెల్లం సున్నం రాశాం. మందమర్రిలో బొగ్గుబాయి పనికి పోయే మా బావ ఏదో నల్ల నూనె పంపాడు, దానికి దురద తగ్గలేదు గానీ మా పిల్లి ఇల్లు విడిచిపోయింది. (నవ్వులు)

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. రంగు! రంగు గాబులో విషం ఉన్నది, శ్రామిక స్త్రీ చర్మం దాన్ని పీలుస్తున్నది, యజమాని లాభం పీలుస్తున్నాడు. ఈ వాక్యం అప్పట్లో నేనే రాశాను, ఇప్పటికీ నాకు నచ్చుతుంది. (చప్పట్లు) ఉపేందర్‌రావు గారూ, మీరు కూడా చప్పట్లు కొట్టారు, రాసుకుంటాను. (నవ్వులు) కార్ఖానా ముందు కూర్చున్నాం, నినాదాలు ఇచ్చాం. సార్ అన్నారు, "రంగుతోనే వచ్చిందని డాక్టరు రాసియ్యనీ, చేతి తొడుగులు కొనిస్త, మందులు కొనిస్త." సరే అని అవ్వను వెంటబెట్టుకొని దవాఖానకు పోయాను. అదే నేను డాక్టరమ్మను మొదటిసారి చూడటం.

లోపలికి పోగానే నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె పూర్తిగా విని, "దురద నీకా, ఆమెకా?" అని అడిగారు.

"మా అవ్వకు."

"మరి ఆమెను చెప్పనియ్యి. నోరు తెరువు అవ్వా."

"దురద చేతికి వస్తే నోరు తెరుసుడెందుకు?" అన్నాను నేను.

"ఆమె తెరుస్తది. నువ్వు మూస్కో." (నవ్వులు, చాలాసేపు)

టార్చిలైటు వేసి అవ్వ చెంప లోపల చూశారు. నన్ను కూడా పిలిచి చూపించారు. చెంప లోపల తెల్లటి సన్న పోగులు, పడుగూ పేకా అల్లినట్టు. మా అవ్వ సంగతి మీకు తెలుసు, భయపడ్డా మాట పడనియ్యదు. "ఏందమ్మా, నా నోట్ల గూడ మగ్గం పెట్టిండ్రా?" అన్నది. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ తరువాత అడిగిన ప్రశ్నలు చూడండి: ఎప్పుడన్నా కామెర్లు అయినయా, ఎప్పుడన్నా రక్తం ఎక్కించిండ్రా, సూదులు బాగ తీస్కుంటవా. అవ్వ ఛాతీ విరిచి చెప్పింది, "తీస్కుంట గద! మంగళారం మంగళారం, తాకత్ సూది. ఒక్కపొద్దన్న తప్పుత గని సూది తప్ప."

"కార్జం పరీక్ష చేయించాలె. రక్తం హైదరాబాదు పంపుదాం" అన్నారు డాక్టరమ్మ.

కార్జం, అంటే కాలేయం! ఆ మాట నేను అప్పటిదాకా మటన్ కొట్టు దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. దురద తోలుకు, పరీక్ష కార్జానికా? రంగు మీద నుంచి నేరం తప్పించడానికి ఇది ఒక ఎత్తుగడ అనుకున్నాను. అదే మాట అన్నాను. ఇంకా కొన్ని మాటలు కూడా అన్నాను, స్త్రీలు ఉన్న సభ కాబట్టి అవి చెప్పను. ఆమె నింపాదిగా అడిగారు:

"అంబదాసూ, మీ ఇంట్ల గోడకు చెమ్మెక్కితే ఏం జేస్తవ్? పైన సున్నమేసి ఊకుంటవా, నీళ్లు ఏడికెళ్లి కారుతున్నయో చూస్తవా?"

"మాది గుడిసె. గోడ లేదు" అన్నాను. వాదనలో ఓడిపోవడం మా సంఘం నియమావళిలో లేదు. (నవ్వులు)

సర్టిఫికెట్ ఇవ్వలేదు. బయటకు వచ్చి నేను శపథం చేశాను. ఇది రంగుతోనే వచ్చిందని నేనే రుజువు చేస్తాను, ఊళ్లో ఎవరెవరికి ఈ మచ్చలు ఉన్నాయో నేనే వెతుకుతాను, అందరూ అద్దకం పనివాళ్లే అయితే అప్పుడు ఈ డాక్టరమ్మ ఏమంటుందో చూస్తాను అని ఒక టార్చిలైటు పట్టుకొని వాడ మీద పడ్డాను. ఎవరు కనిపించినా నోరు తెరిపించాను. ఆ రోజుల్లో నేను ఎదురైతే జనం గట్టిగా నోరు మూసుకునేవారు. అంతకుముందు చందాలు అడుగుతానని మూసుకునేవారు, అప్పుడు టార్చికి భయపడి. (నవ్వులు)

బాలలక్ష్మి అక్క దగ్గరికి పోయాను. మా అవ్వ కంటే ముందు నుంచీ ఆమె ఆ గాబుల దగ్గరే ఉన్నది. చేతులు పగిలి, పొక్కి, రక్తం కారుతున్నాయి. దొరికింది రుజువు అనుకున్నాను. కానీ వంకాయ రంగు మచ్చ ఒక్కటీ లేదు. నోరు అద్దంలా ఉన్నది. ఇదేంది అనుకుంటూ వస్తుంటే సైకిల్ షాపు నాగయ్య కనిపించాడు, పంచర్ వేస్తూ ఒక చేత్తో కాలు గీక్కుంటున్నాడు. లుంగీ పైకి ఎత్తమన్నాను. అవే మచ్చలు! నోరు తెరిపించాను. అదే మగ్గం!

"నాగయ్యా, నువ్వు అద్దకం పనికి ఎప్పుడు పోయినవే?"

"నేనేడికి పోయిన? పంచర్లకు రంగేస్తరా?"

"మరి మా అవ్వకున్నదే నీకెట్ల వచ్చింది?"

"ఏమో! మీ అవ్వ, నేను మంగళారం దోస్తులం. హనుమండ్లు బల్ల మీద పక్కపక్కనే కూసుంటం. ఆమె జబ్బకైనంక నా జబ్బకు."

అదుగో, సభ వెనక నిలబడి నాగయ్య నవ్వుతున్నాడు. నవ్వు నాగయ్యా, ఆ మాట అన్నప్పుడు కూడా నువ్వు ఇట్లాగే నవ్వావు. నాకు మాత్రం చేతిలో టార్చి బరువెక్కింది.

హనుమండ్లు కాక బల్ల అంటే ఏమిటో కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు గారి వంటి వారికి చెప్పాలి. మంగళవారం మన అంగడి. కూరగాయలు కొనడం, ఎండుచేపలు కొనడం, డాక్టరు చదువు చదవని హనుమండ్లు కాక దగ్గర, ఒంటికి బలమని తాకత్ సూది వేయించుకోవడం. ఇది మన ఆచారం. గొళ్లెం వేసిన గదిలో కాదు, చింతపండు కొట్టు పక్కన ఒక చెక్క బల్ల. జనం వరుసగా కూర్చొని జబ్బ చూపేవారు, కాక ఎర్రమందు ఎక్కించుకుంటూ పోయేవాడు. సూది పొద్దున ఒకసారి ఉడికేది. ఆ తరువాత స్పిరిటు దూది తుడుపే. సాయంత్రం దాకా ఆ సూది ఊరంతా తిరిగేది. మనిషి మనిషికీ మధ్య ఏం మోసుకుపోతున్నదో ఎవరికి తెలుసు?

నేను దవాఖానకు పోయి బాలలక్ష్మి అక్క సంగతీ, నాగయ్య సంగతీ చెప్పాను. ఆమె గెలిచినట్టు నవ్వి ఉంటే నాకు సులువయ్యేది, కోపం తెచ్చుకునేవాణ్ని. ఆమె కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆ మచ్చలకు ఇంగ్లీషులో లైకెన్ ప్లానస్ అని పేరట, రాళ్ల మీదా చెట్ల బెరడు మీదా పట్టే పాచి పేరట. కార్జంలో హెపటైటిస్ సి అనే వైరస్ చేరినవారిలో కొందరికి ఇవి లేస్తాయట. ఆ వైరస్‌కు పేరు పెట్టి పదేళ్లు కూడా కాలేదట. "మచ్చలున్నోళ్లందరికి కార్జం జబ్బు ఉంటదని కాదు. కార్జం జబ్బున్నోళ్లందరికి మచ్చలు రావు. ఇది ఇంకెట్లనన్న గూడ రావచ్చు. కని సూదులు బాగ పడ్డ మనిషికి ఈ మచ్చలు లేస్తే, లోపల చూడకుంట మందు రాసిస్తే నేను డాక్టర్ను గాదు. తోలు తలుపు తడుతున్నది అంబదాసూ. తీసి చూసుడు మన పని" అన్నారు. ఆ తరువాత బాలలక్ష్మి అక్కను పిలిపించి చూసి, వేరే కాగితం తీసుకొని ఆమె చేతులు రంగుతోనే పగిలాయని, తొడుగులు ఇవ్వాలని రాసిచ్చారు. నేను అడగకముందే! ఉపేందర్‌రావు గారు తొడుగులు కొన్నారు. చినిగినవి కూడా మార్చాలి సార్, నెల నుంచి మార్చలేదు. సన్మాన సభ అయినా సరే, ఇది చెప్పకపోతే నాకు అన్నం అరగదు. (చప్పట్లు. అధ్యక్షులు తల ఊపారు)

రక్తం తీసేటప్పుడు అవ్వ గొడవ. "సూదితోని వచ్చిందంటివి, మల్ల సూదేనా?" ఆమె తర్కం నాకు చాలా నచ్చింది. డాక్టరమ్మ కొత్త సూది కవరు ఆమె కళ్ల ముందు చింపి, "ఇది నీకు తప్ప ఇంకొగలకు పోదు. నీ చీర లెక్క అనుకో" అన్నారు. అవ్వ చెయ్యి చాపింది.

హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. వైరస్ ఉన్నది. అవ్వకూ, నాగయ్యకూ. నేను ఆ కాగితం పట్టుకొని అడిగాను, "ఇది మందుతోని పోతదా అమ్మా?" ఆమె కళ్లద్దాలు తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "ఉన్న మందు మనకు అందదు బిడ్డా. అందినా అందరికి పనిజెయ్యదు. ముందుముందు వస్తది. అది వచ్చేదాక మనం కార్జాన్ని కాపాడుకోవాలె" అన్నారు. ఎప్పుడూ నన్ను పేరు పెట్టి తిట్టే మనిషి ఆ రోజు బిడ్డా అన్నారు. నాకు తిట్టే బాగుండునని అనిపించింది.

(ఆగి, మంచినీళ్లు తాగి)

కాపాడుకోవడం అంటే ఏమిటి? సూది బంద్, కామెర్ల పసరు బంద్, కల్లు బంద్. మొదటి రెండింటికీ అవ్వ తల ఊపింది. మూడోదానికి దవాఖాన పైకప్పు లేచిపోయింది. "కల్లు బందు జేసుడుకన్న దురద నయం!" తరువాత బేరం మొదలైంది. పొద్దుటి కల్లు? వద్దు. పండుగ కల్లు? వద్దు. "అమ్మా, కనీసం ఆదివారం?"

"ఆదివారం నీ కార్జానికి సెలవియ్యరు ఐలవ్వా." (నవ్వులు)

ఇక నేను ఏం చేశానంటారా? ఏం చేస్తాను, గొడ్డలి తీసుకున్నాను. మంగళవారం పోయి ఆ బల్లను ముక్కలు చేస్తానని బయలుదేరాను. దవాఖాన ముందు నుంచి పోతుంటే డాక్టరమ్మ చూశారు. "ఏడికి?" అన్నారు. చెప్పాను. "నువ్వు పలగ్గొడితే రేపు ఇంకో వాడకు ఇంకో బల్లేస్తడు, ముసుగు కట్టి ఏస్తడు. గొడ్డలి ఆడ పెట్టి నాతోని రా" అన్నారు.

ఇప్పుడు చెప్పబోయేది నేను కళ్లారా చూసింది. అంగడి నిండా జనం. డాక్టరమ్మ నేరుగా పోయి, బల్ల మీద వరుసలో, ఒక పల్లె ముసలమ్మ పక్కన కూర్చున్నారు. వంతు వచ్చేదాకా ఎదురుచూశారు. జాకెట్టు చేతి అంచు పైకి మడిచి, "హనుమండ్లూ, నాగ్గూడ ఒక తాకత్ సూది ఎయ్యి. ఒళ్లంత పీకుతున్నది" అన్నారు.

కాక చేతిలో సిరంజి అట్లాగే ఉండిపోయింది. "అమ్మా, మీకు… జర ఆగుండ్రి, కొత్త సూది తెప్పిస్త."

"కొత్తదెందుకు? ఈ అవ్వకు ఏసిందే ఎయ్యి."

"గట్లెట్లయితదమ్మా! మీకు గదెట్లేస్త?"

"ఎందుకెయ్యవు?"

అంతే. జబ్బ అట్లాగే పెట్టుకొని కూర్చున్నారు. చింతపండు కొట్టువాడు తూకం ఆపి చూస్తున్నాడు. డాక్టరమ్మకు వేయరాని సూది ఐలవ్వకు ఎట్లా వేస్తున్నాడో ఆ మనిషికి ఆ క్షణాన తెలిసింది. సిరంజి పెట్టెలో పెట్టేసి, ఆ బల్ల మీదే ఒక మూలకు కూలబడ్డాడు. నేను కరపత్రాలలో ఎన్నో పోరాటాలు చదివాను. ఒక్క నినాదం లేకుండా, జబ్బ చూపించి గెలిచిన పోరాటం మాత్రం ఎక్కడా చదవలేదు. (చప్పట్లు, చాలాసేపు)

కాక ఇక్కడే ఉన్నాడు, ఆ మంగళవారం నుంచి సూది వెయ్యలేదు, గోలీలే ఇస్తున్నాడు. కాకా, తల దించకు. ఆమె నీ మీద కేసు పెట్టలేదు, పైగా దవాఖానకు పిలిచి ఏ రోగిని ఎప్పుడు పంపాలో నేర్పారు. నేను ఊళ్లో అందరికీ ఒక మాట చెప్పాలి, కోపంగానే చెబుతాను: మన వాడ జనం తాకత్ సూదికి ఎందుకు ఎగబడ్డారు? సోకుకా? ఒళ్లు నొప్పులు వస్తే ఒక దినం పండుకునే వీలు లేదు కాబట్టి. సూది పడితే సాయంత్రానికి మళ్లీ పనికి పోవచ్చు కాబట్టి. తాకత్ ఎర్రమందులో లేదు, కడుపు నిండా కూట్లో, కంటి నిండా నిద్రలో ఉన్నది. అది ఇవ్వని లోకం మనకు సూది ఇచ్చింది. ఇది నా సంచిలోని మాటే, కానీ డాక్టరమ్మ కూడా ఒప్పుకున్నారు. "ఇన్నొద్దులకు ఒక మంచి మాట చెప్పినవ్" అన్నారు. (నవ్వులు)

ఇప్పుడు ఆమె పోతున్నారు. కొత్త డాక్టరు ఎవరో, వస్తారో రారో తెలియదు. కుర్చీ ఖాళీగా ఉన్నది. ఆ కుర్చీ కోసం మళ్లీ ధర్నాకు కూర్చోవాల్సి వస్తే నేను తయారు. కానీ ఆమె అడిగింది కుర్చీ గురించి కాదు, బల్ల గురించి. వారం నుంచి దానికి జవాబు దొరక్క పరేషాన్ అయ్యాను. నిన్న దొరికింది. నిన్న మంగళవారం.

డాక్టరమ్మా, మీకు ఈ సంగతి తెలియదు. అవ్వా, లేచి పోకు, కూర్చో! (నవ్వులు) మీ ఉద్యోగం శనివారంతో అయిపోయిందని మా అవ్వ లెక్కపెట్టుకుంది. నిన్న మోకాళ్లు నొస్తున్నాయని, నాకు చెప్పకుండా, ఎండుచేపలకని చెప్పి అంగడికి పోయింది. నేరుగా బల్ల దగ్గరికి పోయి జబ్బ చాపింది. కాక ఏమన్నాడో అవ్వే ఇంటికి వచ్చి తిట్టుకుంటూ చెప్పింది.

"నేనెయ్య వదినె. గోలీ ఇస్త, ఇంటికి పో."

"డాక్టరమ్మ పోయిందిగద! ఇంగ ఎవలకు భయపడుతున్నవ్ర?"

"ఆమెకు భయపడి మానలే. నీ జబ్బ చూస్తే ఆమె జబ్బే కండ్లకు కొడ్తున్నది. నా చెయ్యి లేస్తలేదు."

అవ్వ ఇంటికి వచ్చి చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరింది. "సత్తెనాశినం! ఆమె పోతే జర సుకపడుదామనుకున్న. పోతా పోతా వాన్ని గూడ చెడగొట్టి పోతున్నది! ఊర్లె ఒక్క సూది పుడుతలేదు!" అని గంటసేపు మిమ్మల్ని తిట్టింది. అమ్మా, నేను గడప మీద కూర్చొని ఆ తిట్లన్నీ విన్నాను. ఒక్కటి కూడా ఆపలేదు.

(మహిళల వరుసలో నుంచి ఐలవ్వ: "ఇంగ తిడుత! నన్ను ఇడిసి పోతున్నదిగద!" నవ్వులు. డాక్టరు గారు కళ్లద్దాలు తీశారు)

మీకు క్షమాపణ చెప్పాలని మా సంఘం తీర్మానం చేసింది. నేను చెప్పను. మీతో పోట్లాడకపోతే నేను ఆ టార్చిలైటు పట్టేవాణ్ని కాదు, నాగయ్యకు రక్తపరీక్ష జరిగేది కాదు. కృతజ్ఞతలు మాత్రం చెబుతాను, అవి తీర్మానంలో లేవు. గంట కొట్టకుండా చేతిలోనే పట్టుకొని కూర్చున్న అధ్యక్షుల వారికి కృతజ్ఞతలు. వచ్చి కూర్చున్న హనుమండ్లు కాకకు కృతజ్ఞతలు. కరెంటు పోనివ్వని వారు ఎవరో, వారికి కూడా.

కరీంనగర్‌లో నిశ్చింతగా నిద్రపోండి అమ్మా. నిన్న మంగళవారం ఆ బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. సాయంత్రం పోయి చూశాను, చింతపండు బుట్టలు పెట్టుకున్నారు.

సెలవు.